ఖాళీ బెంచీలకు చెప్పిన ప్రసంగం

పోయినవారం ఆవిరక్కను మనం చర్చి వేదిక వెనక మోకాళ్ల మీద వదిలేసి వచ్చాం. ప్రార్థన కోసం వేసిన మోకాళ్లు కావు అవి. బాప్తిస్మపు తొట్టి కింద ఉన్న చిన్న చెక్కతలుపు తీసి, చెయ్యి భుజం దాకా లోపలికి పెట్టి, ఆమె ఒక వస్తువు కోసం తడుముతోంది. అరచేతిలో పట్టేంత ఇనుప క్లాంపు అది. లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద రోలర్ల ముందు ఒక కమ్మీ ఉంటుంది. దానికి చెయ్యి తగిలితే చాలు, యంత్రం ఠక్కున ఆగిపోవాలి. పని మాటిమాటికీ ఆగుతోందని యజమాని ఆ కమ్మీని కదలకుండా క్లాంపుతో బిగించేయించాడు. ఆవిరక్క చెల్లెలి కుడిచెయ్యి రోలర్ల మధ్యకి పోయినప్పుడు యంత్రం ఆగలేదు.

అందరూ చెల్లెల్ని మోసుకుని పరిగెత్తే గలాటాలో ఆవిరక్క ఆ క్లాంపు విప్పి జేబులో వేసుకుంది. దాని మీద లాండ్రీ ముద్ర కొట్టి ఉంది. “క్లాంపూ లేదు, గింపూ లేదు, ఆ పిల్లే కబుర్లలో పడి చెయ్యి పెట్టింది” అని యజమాని ఊరంతా చెబుతున్న కథకి జవాబు అదొక్కటే. రేపు పొద్దున తనిఖీ అధికారి వస్తాడు. అది చూపిస్తే చెల్లెలికి న్యాయం. చూపించలేకపోతే చెయ్యి పోగొట్టుకున్నదే దోషి.

ఎవరో తాళం పగలగొట్టి ఆవిరక్క ఇల్లంతా చిందరవందర చేసి పోయాక, ఇక ఇంట్లో ఉంచితే దక్కదని ఆ క్లాంపు తీసుకెళ్లి పాస్టరుగారి చేతిలో పెట్టింది. తొట్టి కింద దాచింది ఆయనే. ఆ సంగతి ఆయనకి తెలుసు, ఆమెకి తెలుసు. మూడో మనిషికి తెలియదు.

ఈ పొద్దున తొట్టి కింద తడిగుడ్డ తప్ప ఇంకేమీ లేదు.

ఇప్పుడు ఆ పాస్టరుగారే వేదిక మీద నిలబడి న్యాయం గురించి ప్రసంగం చేస్తున్నారు!

అదీ ఆవిరక్క కడుపుమంట. తొట్టి దగ్గరనుంచి లేచేసరికే గంట మోగింది, పాట మొదలైంది, పాస్టరుగారు అవతలి తలుపులోంచి వేదికెక్కేశారు. ఆయన్ని పట్టుకుని అడిగే సందు దొరకలేదు. వచ్చి చెల్లెలి పక్కన బెంచీ మీద కూలబడింది. లాండ్రీలో ఆవిరిగది పని చేస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చిందిగానీ, ఈ పూట ఆమెను చూస్తే పేరు పెట్టినవాళ్లకి ముందుచూపు ఉందనిపిస్తుంది. పెదవులు బిగించి ఉంది, లోపల కుతకుతలాడుతోంది.

చెల్లెలు మాత్రం కట్టు కట్టిన చేతిని ఒడిలో పసిపాపలా పెట్టుకుని కదలకుండా కూర్చుంది. ప్రమాదం జరిగినప్పటినుంచీ అంతే. అడిగితే ఊ, అడగకపోతే అదీ లేదు.

ఈ పాస్టరుగారి ప్రసంగాలకి వీధి చివరి వాళ్లు కూడా వస్తారు. ఏ వారం బైబిల్లో ఏ భాగం చదువుతారో ముందుగా ఎవరికీ చెప్పరు. ఆ వారం చుట్టుపక్కల ఏం జరిగిందో దాన్నిబట్టి భాగం ఎంచుకుంటారు. పాటలు పాడేవాళ్లకి కూడా వేదికెక్కాకే తెలుస్తుంది. చదవడం అయ్యాక పుస్తకం మూసి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నారంటే ఇక వీధిలోకి దిగబోతున్నారన్నమాట. కుళాయి దగ్గర తగాదా, అద్దె పెంచిన ఇంటాయన, అత్తాకోడళ్ల మౌనవ్రతం, అన్నీ పేర్లు లేకుండా ప్రసంగంలోకి వచ్చి కూర్చుంటాయి. ఎవరికి తగలాలో వాళ్లకి తగులుతుంది. మిగతావాళ్లు నవ్వుకుంటారు.

ఈ వారం దావీదు రాజు కథ. కింద ఇంట్లో ఉన్న ఒకడి భార్య మీద కన్నేసి, ఆ మొగుణ్ణి యుద్ధంలో ముందు వరసకి పంపించి చంపించిన రాజు కథ.

“రాజు మేడ మీద పచార్లు చేస్తున్నాడు,” అన్నారు పాస్టరుగారు, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని. “కింద ఊరంతా కనిపిస్తోంది. అంత ఎత్తునుంచి చూస్తే మనుషులు ఎంత ఉంటారు? దువ్వెన పళ్లంత ఉంటారు. ఒక పన్ను విరిగిందని ఎవరైనా దువ్వెన పారేస్తారా? నాదేం తప్పు, తప్పంతా మేడ ఎత్తుది, అని సర్దిచెప్పుకుని ఉంటాడు రాజు.”

హాలంతా నవ్వింది. ముందు వరసలో లాండ్రీ యజమాని కూడా భుజాలు కదిలేలా నవ్వాడు. ఆయన సంఘపెద్ద. ఓర్పు మీద ప్రసంగం వచ్చినప్పుడు ఆయన ఆమెన్ అందరికంటే ముందు వినిపిస్తుంది.

నవ్వులో చెల్లెలి ఎడమచెయ్యి వచ్చి ఆవిరక్క మణికట్టును పట్టుకుంది. గోళ్లు దిగేలా పట్టుకుంది.

“ఏంటే? నొప్పిగా ఉందా?”

చెల్లెలు వేదికవైపే చూస్తోంది. మొహంలో నెత్తురు లేదు.

మందు వేళయిందేమో, పాపని ఆడిస్తూ దాని మొగుడు మరిచిపోయాడేమో అనుకుని ఆవిరక్క వెనక్కి తిరిగింది. హాలు చివర అద్దాల గది ఉంది. ఏడ్చే పిల్లల్ని తీసుకుని తల్లులు అందులో కూర్చుంటారు. లోపలి ఏడుపు బయటికి రాదు. బయటి ప్రసంగం మాత్రం గోడకి ఉన్న స్పీకర్‌లోంచి లోపలికి వెళుతుంది. ఈ వేళ అందులో ఉన్నది ఒక్కడే, ఆమె మరిది, చెల్లెలి మొగుడు. లాండ్రీ వ్యాను తోలుతాడు. పాపని భుజాన వేసుకుని అటూ ఇటూ నడుస్తున్నాడు. పాప చేతిలో ఇత్తడి తాళాల గుత్తి ఉంది. దాన్ని నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. వ్యాను తోలేవాడికి అంత గుత్తి ఎక్కడిదా అన్న ఆలోచన వచ్చీరాకుండానే, వేదిక మీదనుంచి ఒక మాట వచ్చి ఆవిరక్క చెవిలో పడింది.

“అప్పుడు ప్రవక్త రాజు దగ్గరికి వచ్చి ఒక కథ చెప్పాడు. ఒక ఊళ్లో ఒక ధనవంతుడు. వాడికి మందలకి మందలు. పక్కనే ఒక బీదవాడు. వాడికి ఉన్నది ఒకే ఒక్క గొర్రెపిల్ల. తన కంచంలో తిని, తన ఒళ్లో పడుకునే గొర్రెపిల్ల. ఒకరోజు ధనవంతుడి ఇంటికి చుట్టం వచ్చాడు. వాడు తన మంద ముట్టుకోకుండా, ఆ బీదవాడి గొర్రెపిల్లని…”

“ఆపండి అయ్యగారూ!”

తను లేచి నిలబడ్డ సంగతి ఆవిరక్కకి తన గొంతు విన్నాకే తెలిసింది.

విసనకర్రలు ఆగిపోయాయి. అన్ని తలలూ ఒక్కసారి తిరిగాయి. రెండో బెంచీలో కూర్చునే పెద్దమ్మ, గుసగుస అనుకుంటూ హాలంతటికీ వినిపించేలా మాట్లాడే పెద్దమ్మ, “ప్రసంగం మధ్యలో లేవకూడదే పిల్లా, అర్జెంటయితే పక్క తలుపులోంచి వెళ్లాలి,” అంది.

“అలాంటి అర్జెంటు కాదు పెద్దమ్మా.” ఆవిరక్క బెంచీల మధ్య దారిలోకి వచ్చింది. “అయ్యగారూ, ఆ గొర్రెపిల్ల గురించి మాట్లాడ్డానికి మీకు నోరెలా వచ్చింది?”

“కూర్చోమ్మా,” అన్నారు పాస్టరుగారు మెత్తగా. “ప్రసంగం అయ్యాక మాట్లాడుకుందాం.”

“అయ్యాక మాట్లాడ్డానికి ఏం మిగిలిందండీ? నా దగ్గర ఉన్నది ఒకే ఒక్కటి. ఇంట్లో పెట్టుకుంటే ఉండనివ్వరని తెచ్చి మీ చేతిలో పెట్టాను. బ్యాంకులో పెట్టలేదు, పోలీసులకి ఇవ్వలేదు. మీకిచ్చాను. ఎందుకిచ్చాను? ఆదివారం ఆదివారం మీరు ఇక్కడ నిలబడి బీదవాళ్ల పక్షం మాట్లాడతారు కదా, ఆ మాటలు నిజమనుకుని ఇచ్చాను. ఏదీ అది?”

“ఏదీ అంటే… ఉందిగా.”

“లేదు.”

పాస్టరుగారి నుదుటి మీదనుంచి కళ్లజోడు జారి ముక్కు మీద పడింది. ఇంకేమీ అనకుండా వెనక్కి తిరిగి తొట్టి దగ్గరికి వెళ్లారు. చెక్కతలుపు కిర్రుమంది. హాలంతా ఊపిరి బిగబట్టి ఆ చప్పుళ్లు విన్నది. ఆయన తిరిగి వచ్చేసరికి చేతిలో తడిగుడ్డ ఉంది. దాన్ని ఎందుకు తెచ్చారో ఆయనకే తెలియదు. చొక్కా మీద నీళ్లు కారుతున్నాయి.

ఆవిరక్క ఆ మొహం చూసింది. అది దొంగ మొహం కాదు. ఆ సంగతి ఆమెకి తెలిసిపోయింది, అయినా కోపం తగ్గలేదు సరికదా ఇంకా పెరిగింది. దొంగ అయితే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. మంచివాణ్ణి ఏమని తిడతాం?

ముందు వరసలో లాండ్రీ యజమాని లేచి కోటు సర్దుకున్నాడు.

“పాస్టరుగారూ, ఇది దేవుని మందిరమా, మా లాండ్రీ గేటా?”

“లాండ్రీ గేటయితే ఈపాటికి తాళం వేయించేవారుగా మీరు,” అంది ఆవిరక్క.

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. లాండ్రీ పనివాళ్లు కూర్చునే బెంచీలవి.

“చూడమ్మా, నీ చెల్లెలికి జరిగినదానికి మేమూ బాధపడ్డాం. ఆసుపత్రికి పళ్లు పంపించాం. కానీ ఆరాధన మధ్యలో లేచి, ఏదో ఇనపముక్క కోసం దైవసేవకుణ్ణి నిలదియ్యడం…”

“ఇనపముక్కా?” ఆవిరక్క ఆయన వైపు తిరిగింది. “నేను ఇనపముక్క అన్నానా? ఒకే ఒక్కటి అన్నాను, గొర్రెపిల్ల అన్నాను. ఇనుము అని మీరెందుకన్నారండీ? అసలు క్లాంపే లేదని మీరు కదా చెప్పింది! లేనిది ఇనుమని మీకెలా తెలిసింది?”

యజమాని కోటు గుండీ ఒకటి పెట్టుకుని విప్పాడు.

“అందరూ అంటున్నదే అన్నాను,” అన్నాడు చివరికి.

“ఇనుమా? ఎక్కడ? నాకెవరూ చెప్పలేదే,” అంది పెద్దమ్మ. హాలంతా గొల్లుమంది. పెద్దమ్మకి తెలియకుండా ఆ వీధిలో ఒక గిన్నె కూడా చెయ్యి మారదు.

యజమాని కూర్చోలేదు, నిలబడనూ లేదు, మధ్యలో ఉండిపోయాడు. ఆవిరక్క ఆయన్ని వదిలి మళ్లీ వేదిక దగ్గరికి వచ్చింది. క్లాంపు యజమాని చేతికి చేరింది, అది ఖాయం. చేరవేసింది ఎవరన్నదే తేలాలి.

“ఎవరికి చెప్పారు అయ్యగారూ?”

“ఎవరికీ చెప్పలేదమ్మా. దేవుడి మీద ఒట్టు.”

“ఒట్టు పెట్టుకోవద్దని పోయిన నెల మీరే కదండీ గంటసేపు చెప్పారు,” అంది పెద్దమ్మ.

“నిజమే. తప్పే.” పాస్టరుగారు తడిగుడ్డతోనే మొహం తుడుచుకున్నారు. “ఒట్టు వద్దు. మామూలుగా చెబుతున్నా. మా ఆవిడకి కూడా చెప్పలేదు.”

“అయితే ఆ క్లాంపుకి కాళ్లొచ్చాయా? తనే నడిచివెళ్లి ఓనరుగారి బల్ల మీద కూర్చుందా? రేపు పొద్దున అధికారి వచ్చి, ఏదమ్మా నీ రుజువు అంటే ఏం చెప్పను? మా చర్చిలో దాచానండీ, దేవుడు తీసుకున్నాడండీ అని చెప్పనా? నా చెల్లెలు అన్నం ఎడమచేత్తో తింటోందండీ. జుట్టు నేను దువ్వుతున్నాను. పాపని ఎత్తుకోలేదు, ఎత్తుకుంటే జారిపోతుందని భయం. అజాగ్రత్త మనిషి అని రాసి దాని మొహాన కొడతారు రేపు. మీరు మాత్రం ఇక్కడ గొర్రెపిల్ల కథ చెప్పి అందర్నీ ఏడిపించి, కానుకల పళ్లెం తిప్పించి ఇంటికి వెళ్తారు. బైబిల్లో గొర్రెపిల్ల మీద ఉన్న జాలి బయట ఉన్న మనిషి మీద లేకపోతే ఎందుకండీ ఈ ప్రసంగాలు!”

పాస్టరుగారు ప్రసంగపు బల్లకి ఆనుకున్నారు. ఆయన పెదవులు ఏదో లెక్క చూసుకుంటున్నట్టు కదిలాయి. ఉన్నట్టుండి ఆయన కళ్లు బల్ల మీదున్న మైకు మీద నిలిచిపోయాయి.

“చెప్పాను,” అన్నారు.

“ఏంటీ?”

“చెప్పాను తల్లీ. కానీ మనుషులకి కాదు. బెంచీలకి.”

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన ఖాళీ బెంచీలని చూస్తున్నట్టు హాలువైపు చూశారు.

“శనివారం మధ్యాహ్నం నేను ఇక్కడ ఒక్కణ్ణే నిలబడి రేపటి ప్రసంగం చెప్పుకుంటాను. మొదటినుంచీ నా అలవాటు అది. తలుపులన్నీ వేసుకుంటాను. శనివారం ప్రసంగంలో పేర్లుంటాయి. ఎవరి పేరు వాళ్లది. పేర్లు లేకుండా మొదలుపెడితే ప్రసంగం చప్పబడిపోతుంది. అందుకని ముందు ఉన్నదున్నట్టు చెప్పి, కోపం తెచ్చుకుని, తర్వాత పేర్లు తీసేస్తాను. మీరు ఆదివారం వినేది తీసేశాక మిగిలింది.” ఆయన తడిగుడ్డని బల్ల మీద పెట్టారు. “నిన్న అంతా చెప్పాను. నీ పేరు, చెల్లెలి పేరు, ఓనరుగారి పేరు. బీదవాడి గొర్రెపిల్ల ఇదిగో ఈ తొట్టి కింద ఉంది అని కూడా అన్నాను. చేత్తో చూపించి మరీ అన్నాను. ఎవరున్నారని? బెంచీలే కదా అనుకున్నాను.”

“నా పేరు ఎత్తడానికి మీరెవరు?” అని యజమాని విరుచుకుపడ్డాడు.

“మీ పేరు ఎక్కువసార్లు వచ్చింది,” అన్నారు పాస్టరుగారు ఆయన వైపు చూడకుండానే.

గోడ పక్కన స్టూలు మీదనుంచి మైకు మామయ్య లేచాడు. చర్చిలో వైర్లూ స్పీకర్లూ చూసుకునే మనిషి. మైకు కీచుమన్నప్పుడు తప్ప ఆయన ఉన్నట్టే ఎవరికీ గుర్తుండదు.

“అయ్యగారూ, నిన్న మైకు వేసుకున్నారా?”

“వేసుకుంటాగా. నా గొంతు ఎక్కడ తగ్గుతోందో నాకు తెలియాలి కదా. కానీ హాల్లో స్పీకరు కొంచెమే పెట్టుకుంటాను. వీధిలోకి వినిపించదు.”

“వీధిలోకి వినిపించదండీ.” మామయ్య మెడ గోక్కున్నాడు. “అద్దాల గదిలోకి వినిపిస్తుంది. ఆ స్పీకరు నా చేతిలో ఉండదు. బొత్తం ఆ గదిలోనే గోడకి పెట్టాం. గట్టిగా ఉంటే పిల్లలు లేస్తున్నారని తల్లులు గోల పెడితే, మీ ఇష్టం, మీరే తిప్పుకోండి అని అక్కడే పెట్టాను. ఇక్కడ మైకు వేస్తే అక్కడ మోగుతుంది.”

తలలన్నీ హాలు చివరికి తిరిగాయి. అద్దాల వెనక మరిది పాపని భుజం మార్చుకుంటూ ఆగిపోయాడు.

“కానీ శనివారం ఆ గదిలో ఎవరుంటారు?” అని ఎవరో అడిగారు. “తాళం వేసి ఉంటుందిగా.”

“హాలు తలుపుకి తాళం,” అన్నాడు మైకు మామయ్య. “గదికి సందులోంచి వేరే తలుపు ఉందిగా. తల్లులు పిల్లల్ని బయటికి తిప్పడానికి. అది ఎప్పుడూ తీసే ఉంటుంది. ఆ గదిలోంచి హాల్లోకి కూడా రావచ్చు.”

ఎవరుంటారో ఆవిరక్కకి తెలుసు. చెల్లెలు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మధ్యాహ్నం ఉక్కపోతకి పాప ఇంట్లో నిద్రపోయేది కాదు. అద్దాల గదిలో ఫ్యాను ఉంది, ఉయ్యాల ఉంది. మరిది పాపని ఎత్తుకుని సందులోంచి వెళ్లి, వెలుతురు పడకుండా అద్దానికి తెర లాగి, అక్కడ నిద్రపుచ్చేవాడు. చెల్లెలు ఇంటికి వచ్చాక కూడా, నువ్వు కాసేపు పడుకో అని చెప్పి తీసుకెళ్లేవాడు. నిన్న కూడా తీసుకెళ్లాడు. అలాంటి మొగుడు దొరకాలంటే రాసిపెట్టి ఉండాలని వీధి వీధంతా చాటింది ఎవరు? తనే. కుళాయి దగ్గర, లాండ్రీలో, ఇదే చర్చి మెట్ల మీద.

అద్దంలోంచి ఇత్తడి గుత్తి తళుక్కుమంది. వ్యాను తోలేవాడికి ఒక తాళం చాలు. అంత గుత్తి ఉండేది వ్యాన్లన్నిటి మీదా పెత్తనం చేసే ఇన్‌చార్జికి. ఆ కుర్చీ చాలాకాలంగా ఖాళీగా ఉంది. అది మరిది కలలోని కుర్చీ అని ఇంట్లో అందరికీ తెలుసు.

ఇంతసేపూ ఆగని ఆవిరక్క నోరు ఇప్పుడు పెగల్లేదు. తను అనేస్తే ఏమవుతుంది? క్లాంపు పోయింది, చెయ్యి పోయింది. చెల్లెలికి మిగిలింది ఆ మనిషి ఒక్కడే. ఇంతమందిలో, ఇలా, అక్క నోటితో అది కూడా లాగేసుకోవాలా? ముందు ఇంటికి పోయి, తలుపు వేసి, కాలర్ పట్టుకుని…

“అయితే ఎవరమ్మా?” అన్నారు పాస్టరుగారు. “నీకు తెలిసినట్టుంది.”

“నాకేం తెలియదు,” అంది ఆవిరక్క. ఆ పొద్దున ఆమె ఆడిన మొదటి అబద్ధం అది.

“తెలియనప్పుడు కూర్చో మరి,” అన్నాడు యజమాని. గొంతులోకి మళ్లీ ప్రాణం వచ్చింది. “పాస్టరుగారూ, పాట ఎత్తించండి.”

పాట ఎవరూ ఎత్తలేదు. బెంచీ కిర్రుమన్న చప్పుడు అయింది.

చెల్లెలు లేచింది.

కట్టు కట్టిన చేతిని ఎడమచేత్తో పట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా, బెంచీల మధ్య దారిలో నడిచింది. ఆవిరక్క అడ్డం వెళ్లి, “ఇంటికి పోదాం పదవే,” అంది. చెల్లెలు తల అడ్డంగా ఊపింది. అక్క భుజాన్ని భుజంతో మెల్లగా తోసుకుని, వేదిక మెట్లెక్కింది. పాస్టరుగారు తెలియకుండానే పక్కకి తప్పుకున్నారు. ఆ మైకు ముందు ఇంతవరకూ ఏ ఆడమనిషీ నిలబడలేదు. అభ్యంతరం చెప్పాలన్న సంగతి ఆ క్షణంలో సంఘపెద్దలెవరికీ తట్టలేదు.

ఆమె హాలుని చూడలేదు. హాలు దాటి, చివరనున్న అద్దాన్ని చూసింది.

“అయ్యగారి మేడ మాట విని మీరందరూ నవ్వారు,” అంది. ఇన్నాళ్లూ వాడని గొంతు బొంగురుగా వచ్చింది. “నాకు నవ్వు రాలేదు. ఆ మాట నేను నిన్ననే విన్నాను.”

పాస్టరుగారు ఉలిక్కిపడ్డారు. “నిన్నా? అది నేను ఇంతకుముందు ఎక్కడా చెప్పలేదమ్మా. నిన్న మధ్యాహ్నం ఇక్కడే, చెప్పుకుంటుంటే తట్టింది.”

“నిన్న సాయంత్రం మా ఇంట్లో విన్నానండీ. ఎప్పుడూ లేనిది గిన్నెలు మా ఆయన తోమారు. తోముతూ అన్నారు, ఓనరుగారి మీద అంత కోపం దేనికి, మేడ మీదనుంచి చూసేవాళ్లకి కింద మనుషులు దువ్వెన పళ్లంతే కనిపిస్తారు, తప్పు ఆయనది కాదు, ఎత్తుది అని. ఎంత బాగా చెప్పారు, ఎక్కడ నేర్చుకున్నారు ఈ మాటలు అన్నాను. నాకే తట్టింది అన్నారు.” ఆమె కట్టు కట్టిన చేతివైపు చూసుకుంది. “తర్వాత ఈ చెయ్యి నిమిరి అన్నారు, ఒక పన్ను విరిగిందని ఎవరైనా దువ్వెన పారేస్తారా అని. నా మీద ప్రేమతో అన్నారనుకున్నాను. నన్ను పారెయ్యనని అన్నారనుకుని ఏడ్చాను కూడా.”

లాండ్రీ బెంచీల్లోంచి ఒక మూలుగు లేచింది. ఆవిరక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

అద్దం వెనక మరిది పెదవులు కదులుతున్నాయి. ఏదో చెబుతున్నాడు, చెయ్యి ఊపుతున్నాడు, తల అడ్డంగా ఆడిస్తున్నాడు. ఆ గదిలోంచి మాట బయటికి రాదు. అతని భుజం మీద పాప అమ్మ గొంతు స్పీకర్‌లో విని చుట్టూ వెతుక్కుంటోంది. చేతిలో తాళాలు జారి కిందపడ్డాయి. అతను గోడమీది బొత్తం వైపు చెయ్యి చాపాడు.

“అది తిప్పకండి,” అంది చెల్లెలు.

అతని చెయ్యి గాలిలో ఆగిపోయింది.

“శనివారం విన్నారుగా. ఇదీ వినండి. అయ్యగారు కథ మధ్యలో ఆపేశారు. ధనవంతుడు గొర్రెపిల్లని లాక్కున్నాడని వినగానే రాజుకి ఒళ్లు మండిపోయింది. ఎవడు వాడు, ఎక్కడున్నాడు, వాణ్ణి చంపెయ్యాలి అని అరిచాడు. అప్పుడు ప్రవక్త ఏమన్నాడో మా అక్కకి తెలుసు. అనలేక ఊరుకుంది. నా మీద జాలితో.”

ఆమె కుడిచెయ్యి ఎత్తింది. చూపించడానికి వేళ్లు లేని చెయ్యి. తెల్లటి కట్టు మొత్తం అద్దం వైపు తిరిగింది. పెళ్లినాటినుంచీ ఏమండీ అన్న పిలుపు తప్ప ఇంకో పిలుపు ఎరగని ఆ పిల్ల నోటినుంచి వచ్చిన ప్రవక్త మాట, హాల్లోనూ అద్దాల గదిలోనూ ఒకేసారి మోగింది.

“ఆ మనిషివి నువ్వే. నా మొగుడివి, నా పాపకి తండ్రివి. నువ్వే!”